కోడి నుంచి డైనోసార్ వస్తుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

జీవపరిణామం పాఠం చెప్పే ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు చెయ్యెత్తి అడుగుతారు: "మేడమ్, అమెరికాలో కోడిని డైనోసార్‌గా మార్చేశారట, నిజమేనా?" పిల్లలే కాదు, వాళ్ల అమ్మానాన్నలు కూడా ఎక్కడో చూసిన వీడియో వాట్సాప్‌లో పంపి అడుగుతుంటారు. ఒక్కొక్కరికి కొంచెం కొంచెం చెప్పేకంటే అన్నీ ఒకచోట పెడదామని ఇది రాశాను. ప్రశ్నలు వాళ్లవే, నేను వరస మాత్రం మార్చాను.

అసలు నిజంగా కోడిని డైనోసార్‌గా మార్చారా?

లేదు. ఏ ల్యాబ్‌లోనూ డైనోసార్ పుట్టలేదు. పళ్లున్న కోడి ఎక్కడా నేల మీద తిరగలేదు. గుడ్డులో పెరుగుతున్న కోడి పిండంలో ఏదో ఒక్క భాగం పాత రూపానికి కొంత దగ్గరగా వెళ్లింది, అంతవరకే జరిగింది. ఒక ల్యాబ్‌లో మూతి, ఇంకో ల్యాబ్‌లో కాలి ఎముక, మరోచోట ఈక. వేరువేరు దేశాల్లో, వేరువేరు ప్రశ్నల కోసం చేసిన ప్రయోగాలు ఇవి. వీడియోల్లో అన్నీ కలిపేసి ఒకే జంతువు తయారైపోయినట్టు చూపిస్తారు. నాకు బాధ కలిగించేది అదే, ఎందుకంటే నిజంగా జరిగింది ఆ వీడియోల కంటే చాలా గొప్పది.

కోడికీ డైనోసార్‌కీ ఏమిటి సంబంధం?

సొంత వంశం. డైనోసార్లలో రెండు కాళ్ల మీద నడిచే థెరోపాడ్లు అని ఒక పెద్ద గుంపు ఉంది. టైరనోసారస్, వెలోసిరాప్టర్ ఆ గుంపులోవే. పక్షులు కూడా అందులోంచి వచ్చినవే. 6.6 కోట్ల ఏళ్ల క్రితం మిగతా డైనోసార్లన్నీ అంతరించిపోయినా ఈ ఒక్క కొమ్మ బతికి బట్టకట్టింది. అందుకే శాస్త్రవేత్తలు ఇప్పుడు "పక్షులు కాని డైనోసార్లు అంతరించాయి" అని జాగ్రత్తగా అంటారు.

దీనికి మొదటి పెద్ద సాక్ష్యం 1861లో జర్మనీలో దొరికిన ఆర్కియోప్టెరిక్స్. సుమారు 15 కోట్ల ఏళ్ల నాటిది. ఒంటి నిండా ఈకలు, నోట్లో పళ్లు, రెక్కల చివర గోళ్లున్న మూడేసి వేళ్లు, ఇరవైకి పైగా వెన్నుపూసలతో పొడుగాటి తోక. సగం పక్షి, సగం బల్లి అనిపించే రూపం. 1996లో చైనాలోని లియావోనింగ్ ప్రాంతం నుంచి సైనోసారోప్టెరిక్స్ బయటపడ్డాక ఎగరని డైనోసార్లకు కూడా నూగు లాంటి ఈకలుండేవని తేలింది.

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం చూసొచ్చిన పిల్లలు "కోడి తాత ఇదేనా?" అంటారు. అది ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన మన డైనోసారే కానీ, సౌరోపాడ్ల వైపుది. నాలుగు కాళ్లు, పొడుగు మెడ, ఆకులూ అలములూ తిండి. కోడికి అది దూరపు జ్ఞాతి మాత్రమే.

దోమ తాగిన రక్తంలోంచో, ఎముకలోంచో డైనోసార్ డీఎన్‌ఏ తీయొచ్చు కదా?

తీయలేం. డీఎన్‌ఏ అంత కాలం నిలవదు. న్యూజిలాండ్‌లో అంతరించిపోయిన మోవా అనే పెద్ద పక్షి ఎముకలు 158 తీసుకుని 2012లో ఒక బృందం లెక్క కట్టింది. ఆ వాతావరణంలో డీఎన్‌ఏ ముక్కల్లో సగం బంధాలు తెగిపోవడానికి సుమారు 521 ఏళ్లు చాలు. మంచులో ఉంటే ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. గ్రీన్‌లాండ్ మట్టిలో సుమారు 20 లక్షల ఏళ్ల నాటి డీఎన్‌ఏ ముక్కలు దొరికాయి. 20 లక్షలు ఎక్కడ, 6.6 కోట్లు ఎక్కడ!

ఈ దారి మూసుకుపోయింది కాబట్టే కొందరి చూపు కోడి మీద పడింది. మోంటానాలో డైనోసార్ ఎముకలు తవ్విన జాక్ హార్నర్ ఈ ఆలోచనను 2009లో పుస్తకంగానే రాశారు. చచ్చిపోయినవాటి దగ్గర డీఎన్‌ఏ లేనప్పుడు, బతికున్న వారసుడి పిండంలోనే వెనక్కి నడుద్దాం అన్నది ఆయన వాదన.

అంటే కోడి డీఎన్‌ఏలో డైనోసార్ దాక్కుని ఉందా?

దాక్కుని ఉండటం అనే మాట చాలామందిని తప్పుదోవ పట్టిస్తుంది. కోడిలో నిద్రపోతున్న డైనోసార్ ఏదీ లేదు. చుక్కల ముగ్గు గుర్తు తెచ్చుకోండి. అవే చుక్కలు పెట్టి, గీతను ఒకచోట లోపలికి తిప్పితే పద్మం, బయటికి తిప్పితే ఇంకేదో. జీవుల తయారీ కూడా చాలావరకు ఇలాగే ఉంటుంది. ముఖం, కాలు, ఈక తయారు చేసే ముఖ్యమైన జన్యువులు కోడికీ, మొసలికీ, మనకీ దాదాపు ఒకటే. పిండంలో అవి ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు పనిచేస్తాయన్న దాన్ని బట్టి రూపం మారుతుంది. ఆ టైమింగ్‌ను కదిలిస్తే గీత పాత వంపు తిరగొచ్చు.

ఒక చిక్కుంది. కొన్ని చుక్కలు చెరిగిపోయాయి కూడా. ఆ సంగతి పళ్ల దగ్గర చెబుతాను.

కోడికి పళ్లు మొలిపించారట?

ఇది చాలావరకు నిజం. కోడికి పళ్లంటే కుందేటికి కొమ్ములాంటి మాటే కదా! అయినా 2006లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మాథ్యూ హారిస్, జాన్ ఫాలన్ బృందం ఒక రకం కోడి పిండాల దవడలను గమనించింది. ఆ పిండాలకు పుట్టుకతోనే టాల్పిడ్-2 అనే మ్యుటేషన్ ఉంది. ఎవరూ కావాలని మార్చింది కాదు, దశాబ్దాలుగా తెలిసిన జన్యులోపం. వాటికి వేళ్లు ఎక్కువగా వస్తాయి, గుడ్డులోనే చనిపోతాయి. అందరూ ఆ వేళ్లనే చూశారు. హారిస్ నోట్లోకి చూశారు. దవడ అంచున చిన్న చిన్న మొనలు వరసగా కనిపించాయి, మొసలి పిల్లకు మొదట వచ్చే పళ్లలాగే.

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది అదే. ఆ పిండాలు ఎన్నో ఏళ్లుగా ల్యాబుల్లో ఉన్నాయి. నోరు తెరిచి చూసినవాళ్లకే పళ్లు కనిపించాయి.

ఇక చెరిగిపోయిన చుక్కల సంగతి. పంటి మీద గట్టిగా, తెల్లగా మెరిసే పొరను ఎనామిల్ అంటాం. దాన్ని తయారుచేసే జన్యువులు పక్షుల్లో పాడైపోయాయి. 2014లో 48 రకాల పక్షుల జీనోములను, అంటే ఒక్కో పక్షి మొత్తం డీఎన్‌ఏను, పోల్చి చూస్తే అన్నిటిలోనూ అవి విరిగిపోయి ఉన్నాయి. పక్షుల పూర్వీకుల్లో ఎనామిల్ పోయింది సుమారు 11.6 కోట్ల ఏళ్ల క్రితమని లెక్క తేలింది. కాబట్టి కోడి పిండంలో పన్ను మొలక మొదలైనా, టైరనోసారస్ కోర లాంటి గట్టి పన్ను దాని సొంత జన్యువులతో రాదు. వేరే జీవి జన్యువులు తెచ్చి పెట్టాలి. అప్పుడది పాతదాన్ని తిరిగి తేవడం ఎలా అవుతుంది?

కోడిపిల్ల పుట్టగానే ముక్కు కొన మీద తెల్లటి చిన్న బుడిపె ఉంటుంది చూశారా? దాన్ని "గుడ్డు పన్ను" అంటారు. పెంకు పగలగొట్టడానికి పనికొచ్చే గట్టి మొన అది, నిజం పన్ను కాదు. కొద్ది రోజుల్లో రాలిపోతుంది.

ముక్కును డైనోసార్ మూతిగా మార్చిన ప్రయోగం ఏమిటి?

2015లో వచ్చిన పరిశోధన అది. చేసింది యేల్‌లో ఉన్న భార్త్-అంజన్ భుల్లర్, హార్వర్డ్‌లో పనిచేసిన అర్హత్ అబ్జానోవ్. పక్షి ముక్కు అంత పొడుగ్గా ఎలా వచ్చింది అన్నది వాళ్ల ప్రశ్న. డైనోసార్‌ను తయారు చేయాలన్న ఉద్దేశం వాళ్లకు లేదు.

పై దవడ కొనలో రెండు చిన్న ఎముకలుంటాయి. మొసలిలో, బల్లిలో, పాత డైనోసార్లలో అవి పొట్టిగా, విడివిడిగా ఉంటాయి. పక్షుల్లో అవి సాగి, కలిసిపోయి ముక్కు అయ్యాయి. ఎందుకని పిండాల్లో వెతికితే, ముఖం మొదలయ్యే చోట రెండు రకాల ప్రోటీన్ సంకేతాలు పనిచేస్తున్నాయి. మొసలి జాతుల్లో ఆ సంకేతాలు ముఖానికి అటూ ఇటూ రెండు మచ్చలుగా ఉంటే, కోడిలో మధ్యలో కూడా వెలిగి ఒకే పట్టీలా కనిపించాయి.

అప్పుడు వాళ్లు గుడ్డు పెంకుకు చిన్న కిటికీ కోశారు. సంకేతాలను ఆపే మందులో నానబెట్టిన అతి చిన్న పూసలను పిండం ముఖం మీద పెట్టారు. కొన్ని పిండాల్లో మధ్య భాగంలో వెలిగిన సంకేతం ఆగింది. ఆ రెండు ఎముకలు పొట్టిగా, గుండ్రంగా పెరిగాయి, కొన్నిటిలో విడిగానే ఉండిపోయాయి. స్కాన్ తీసి శిలాజాల పక్కన పెడితే ఆర్కియోప్టెరిక్స్ వైపు ఒరిగిన రూపం. వాళ్లు అనుకోనిది ఇంకొకటి జరిగింది: అంగిలి ఎముక కూడా పాత రూపానికి దగ్గరగా మారింది. ఒక చోట చేసిన మార్పు ఇంకో చోటికి పాకింది. పరిణామంలోనూ ఈ రెండూ కలిసే మారాయేమో అన్న కొత్త ప్రశ్న అక్కడి నుంచి పుట్టింది.

ఆ పిండాలను పిల్లలు కానివ్వలేదు.

కాలి ఎముక సంగతేంటి? అందులో డైనోసార్ ఏముంది?

ఆదివారం చికెన్ వండినప్పుడు లెగ్‌పీస్ తిన్నాక ఎముకను పారేయకుండా ఒకసారి చూడండి. మందంగా ఉన్న పెద్ద ఎముకను ఆనుకుని సూదిలాంటి సన్నటి ఎముక ఒకటి ఉంటుంది. చిన్నపిల్లలకు పెట్టేటప్పుడు గొంతులో గుచ్చుకుంటుందని అమ్మలు ముందే తీసేసేది దాన్నే. పైన మోకాలి దగ్గర కొంచెం లావుగా మొదలై, కిందికి వచ్చేసరికి సన్నబడి, మడమ దాకా చేరకుండానే ఆగిపోతుంది. దాని పేరు ఫిబ్యులా.

డైనోసార్లలో ఆ ఎముక పక్క ఎముకతో సమానంగా మడమ దాకా ఉండేది. ఆర్కియోప్టెరిక్స్‌లోనూ అంతే. తర్వాతి పక్షుల్లో అది మధ్యలోనే ఆగిపోయింది. చిలీ విశ్వవిద్యాలయంలో అలెగ్జాండర్ వర్గాస్ ల్యాబ్‌లో జొవావో బొటెల్యో దీని మీద పనిచేశారు. కోడి పిండంలో మొదట ఫిబ్యులా పక్క ఎముకంత పొడుగ్గానే మొదలవుతుందని, తర్వాత కింది కొన ముందుగానే పెరగడం మానేస్తుందని చూశారు. ఎదుగుదలను నడిపే ఒక జన్యు సంకేతాన్ని మందుతో ఆపితే, కింది కొన పెరుగుతూనే పోయి మడమను చేరింది. 2016లో ఆ ఫలితం ప్రచురించారు.

అంటే మనం కంచంలో చూసే ఆ సూది ఎముక, గుడ్డులో ఉన్నప్పుడు కొన్ని రోజులు డైనోసార్ ఎముకలాగే ఉంది. ఈ విషయం చదివాక నాకు లెగ్‌పీస్ మామూలుగా కనిపించడం లేదు.

తోక తెప్పించగలిగారా?

లేదు. కెనడాలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన హాన్స్ లార్సన్ తోక ఎలా కురచబడిందో పిండాల్లో వెతికారు, హార్నర్ కూడా అదే దారిలో ప్రయత్నించారు. పొడుగు తోక ఉన్న కోడి మాత్రం రాలేదు. తోక పోవడమంటే వెన్నుపూసలు తగ్గడం, చివరివి కలిసిపోయి ముద్ద కావడం, కండలూ నరాలూ వాటికి తగ్గట్టు మారడం. ఒక్క మీట నొక్కితే తిరిగొచ్చేది కాదు.

జన్యువుల జోలికి పోకుండా చిలీలోనే బ్రూనో గ్రోసి బృందం ఒక మంచి ప్రయోగం చేసింది. కోడిపిల్లలకు చిన్నప్పటి నుంచి వెనక బరువైన కృత్రిమ తోక కట్టి పెంచింది. ఒంటి బరువులో 15 శాతం ఉండే తోక, పిల్ల పెరిగేకొద్దీ కొత్తది. దీని విలువ తెలియాలంటే కోడి నడకను గమనించాలి. కోడి కాలు వెనక్కి వంగినట్టు కనిపించే చోటు మడమ. మోకాలు పైన ఈకల్లో దాక్కుని ఉంటుంది, తొడ ఎముక దాదాపు అడ్డంగా ఉంటుంది. తోక లేక ఒంటి బరువు ముందుకు జరిగింది కాబట్టి అలా కూర్చున్నట్టు నడుస్తుంది. తోక కట్టిన కోళ్లలో బరువు వెనక్కి జరిగింది, తొడ నిలువుగా దిగింది, అడుగు తుంటి నుంచి పడింది. డైనోసార్లు నడిచాయని మనం ఊహించే తీరు అది. 2014లో ప్రచురించిన ఈ పనికి మరుసటి ఏడాది ఇగ్ నోబెల్ వచ్చింది, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి అది. బహుమతి నవ్వించేదే అయినా ప్రయోగం చాలా విలువైనది.

ఈకలు తీసేసి పొలుసులు తెప్పిస్తే డైనోసార్‌లా ఉంటుందా?

ఈకలు కూడా డైనోసార్ లక్షణమే అని మరిచిపోవద్దు. జెనీవా విశ్వవిద్యాలయంలో రోరీ కూపర్, మైకేల్ మిలింకోవిచ్ 2023లో దీనికి ఎదురు దిశలో చేసి చూపించారు. పొదగడం మొదలైన 11వ రోజున ఒక సంకేతాన్ని పెంచే మందును గుడ్డులోని రక్తనాళంలోకి ఒక్కసారి ఎక్కించారు. కాళ్ల మీద పొలుసులు రావలసిన చోట ఈకలు వచ్చాయి, పెద్దయ్యాక కూడా నిలిచాయి. 2025లో అదే సంకేతాన్ని తగ్గించి చూశారు. కొమ్మలు లేని గొట్టాల్లాంటి మొలకలు వచ్చాయి, మొట్టమొదటి ఈకలు అలా ఉండేవని అనుకుంటున్న రూపం. కానీ ఒళ్లు తన దారి తాను వెతుక్కుంది. పుట్టినప్పుడు కొన్నిచోట్ల బోడిగా ఉన్న పిల్లలకు తర్వాత కొన్ని వారాల్లో మామూలు ఈకలే వచ్చాయి.

ఇవన్నీ జన్యు మార్పిడి ప్రయోగాలేనా?

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు గుర్తుంచుకుంటే మిగతావి మరిచిపోయినా ఫరవాలేదు. పైన చెప్పినవాటిలో ఒక్కదానిలోనూ కోడి జన్యువులను ఎవరూ కత్తిరించి మార్చలేదు. పళ్లు వచ్చింది పుట్టుకతో ఉన్న లోపం వల్ల. మూతి, కాలి ఎముక, ఈక, ఇవి మందుతో కొంతసేపు సంకేతాన్ని ఆపడం లేదా పెంచడం వల్ల మారాయి. డీఎన్‌ఏ అలాగే ఉంది. అలాంటి కోడి పెద్దయి గుడ్డు పెట్టినా పిల్లకు మామూలు ముక్కే, మామూలు కాలే. "జన్యువులు మార్చి డైనోసార్ చేశారు" అన్న వార్త ఎక్కడ కనిపించినా ఈ సంగతి గుర్తు చేసుకోండి.

అయితే కోడి జన్యువులను నిజంగా మార్చడం సాధ్యమేనా?

సాధ్యమే, కానీ ఎలుకకంటే కష్టం. ఎలుకలో ఒకే కణంగా ఉన్న దశలో పిండాన్ని బయటికి తీసి మార్చొచ్చు. కోడి గుడ్డు పెట్టేసరికే లోపలి పిండం వేల కణాలుగా చీలిపోయి ఉంటుంది. అందుకని చుట్టుదారి పడతారు. రెండు మూడు రోజుల పిండం రక్తంలోంచి, రేపు వీర్యమో అండమో కావలసిన కణాలను ఏరి, ల్యాబ్‌లో పెంచి, వాటి జన్యువులు సరిచేసి, ఇంకో పిండంలోకి ఎక్కిస్తారు. ఆ పిల్ల పెద్దదై, జతకట్టి, దానికి పుట్టిన పిల్లల్లో మార్పు కనిపించాలి. నెలల తరబడి ఓపిక పట్టాలి.

2023లో ఎడిన్‌బర్గ్‌లోని రోస్లిన్ సంస్థ ఇలాగే ఒక జన్యువులో చిన్న మార్పు చేసి, మామూలు మోతాదు బర్డ్ ఫ్లూ వైరస్ ఎక్కిస్తే పదిలో తొమ్మిది కోళ్లకు సోకకుండా చేసింది. మోతాదు బాగా పెంచితే సగం కోళ్లకు సోకింది కూడా. 2015లో అమెరికా అనుమతించిన ఒక మందు జన్యువులు మార్చిన కోళ్ల గుడ్లలోంచి తీసేదే. అరుదైన ఎంజైమ్ లోపంతో పుట్టిన పసివాళ్ల కోసం. దాని పేరు కనుమ. మన పండగతో సంబంధం లేకపోయినా, ఆ పేరు చదివిన ప్రతిసారీ నాకు సంతోషంగా ఉంటుంది. కోడి జన్యువుల మీద పెట్టే శ్రమ ఇలాంటి చోటికి వెళ్లాలని నా కోరిక.

ఈ మార్పులన్నీ ఒకే కోడిలో పెడితే?

ఒక్కొక్క భాగమూ మిగతా ఒంటితో ముడిపడి ఉంది. టాల్పిడ్ పిండాలు పళ్లతో పాటు ప్రాణం పోయే లోపాలనూ మోశాయి. అన్నీ బతికి బయటపడినా వచ్చేది పళ్లూ తోకా ఉన్న కోడే. ఏ డైనోసార్ జీనోమూ మన దగ్గర లేదు, పోల్చుకోవడానికి కూడా లేదు. 2025లో ఒక అమెరికా కంపెనీ బూడిదరంగు తోడేలు కణాల్లో 14 జన్యువుల్లో 20 మార్పులు చేసి, అంతరించిన డైర్ ఉల్ఫ్ అనే తోడేలు లాంటి జంతువును తెచ్చామని ప్రకటించింది. అవి మార్పులు చేసిన తోడేళ్లే అని చాలామంది శాస్త్రవేత్తలు తేల్చి చెప్పారు. అక్కడ పాత ఎముకల్లోంచి తీసిన డీఎన్‌ఏ ఉంది. ఇక్కడ అదీ లేదు.

గుడ్డులోని పిల్లకు నొప్పి ఉండదా? ఇది పాపం కాదా?

పిల్లలు ఈ ప్రశ్న అడిగినప్పుడు తరగతి ఒక్కసారిగా నిశ్శబ్దమవుతుంది. బ్రిటన్ చట్టంలో పక్షి పిండానికి పొదిగే కాలంలో చివరి మూడో వంతు నుంచి ప్రయోగ జంతువుకున్న రక్షణే ఉంది. కోడి పిల్ల కావడానికి 21 రోజులు కాబట్టి 14వ రోజు దాటిన దగ్గర్నుంచి అన్నమాట. మన దేశంలో జన్యువులు మార్చిన జీవుల మీద 1989 నాటి నిబంధనలు ఉన్నాయి, అనుమతి లేకుండా చేయకూడదు.

నా అభిప్రాయం దాచుకోను. ముక్కు ఎలా వచ్చిందో, ఎముక ఎందుకు ఆగిందో తెలుసుకోవడానికి తొలి రోజుల పిండం మీద చేసే ప్రయోగాన్ని నేను సమర్థిస్తాను. మనుషుల్లో పుట్టుకతో వచ్చే పెదవి చీలిక, అంగిలి లోపాలు అర్థం కావడానికి కూడా ఆ జ్ఞానమే ఆధారం. కానీ జనానికి చూపించడానికి, టికెట్టు పెట్టడానికి, సరిగా తినలేని, నడవలేని ఒక కోడిని పొదిగించి బయటికి తేవడాన్ని ఒప్పుకోను. ఆ కోడి దాని బతుకు అది బతకాలి కదా.

ఇంట్లో చూడగలిగేది ఏమైనా ఉందా?

ఉంది, దేన్నీ మార్చనక్కర్లేదు. ఎవరింట్లోనైనా పెట్ట పొదుగుతుంటే, ఐదో రోజు రాత్రి చీకట్లో ఒక గుడ్డు తీసుకుని లావు వైపు ఫోన్ టార్చ్ ఆనించండి. చిన్నప్పుడు మా అమ్మమ్మ కిరసనాయిలు దీపం ముందు పెట్టి మురిగిన గుడ్లు ఏరేది, నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. పెంకు మొత్తం నారింజ రంగులో వెలుగుతుంది. మధ్యలో ఎర్రటి నరాలు సాలీడు కాళ్లలా విచ్చుకుని, వాటి నడుమ ఒక నల్ల చుక్క ఉంటుంది. అది కన్ను. కాసేపు కదలకుండా చూస్తే ఆ చుక్క మెల్లగా ఊగుతుంది. ఒక్క నిమిషంలో ముగించి, వెచ్చదనం పోకముందే గుడ్డును మళ్లీ పెట్ట కిందకి జరిపేయండి.